దండాలు, టేపు దొరా!

టోక్యో నగరంలో పుట్టి, ఒలింపిక్ మైదానాలు ఏలి, ఇప్పుడు మా జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర మందుల దుకాణంలో దగ్గు మందుకూ డైపర్ల కట్టకూ నడుమ కొలువుదీరిన శ్రీశ్రీశ్రీ సాగే టేపు దొరవారి సముఖానికి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు పట్టణాల మెడలు, నడుములు, భుజాలు, మోకాళ్లు ఏకమై వంగి దండం పెట్టి రాసుకుంటున్న విన్నపం. వంగిన మాట నిజమే గాని, అది మర్యాద కొద్దీ అనుకోకండి. లేవలేకే.

దొరా, మాకు దొరలు కొత్త కాదు. 1978 సెప్టెంబరులో ఇదే జగిత్యాలలో వేల మంది కూలి జనం ఊరేగింపు తీశారు. దానికి జైత్రయాత్ర అని పేరు. ఆ ఏడాదే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు గడీలకు తాళాలేసి పట్నం పోయారు. ఇక దొరతనం పోయిందనుకుని కొన్నాళ్లు నిటారుగా నిలబడ్డాం. ఇప్పుడు తమరు వచ్చారు. పాత దొర వెట్టి చేయించుకుని నడుము విరిచేవాడు. తమరు ఆ శ్రమ కూడా పెట్టుకోరు. ఇంకెవరో విరిచిన నడుము మీదికి వచ్చి పడుకుంటారు. మూడు రోజులో ఐదు రోజులో ఉండి, అంచులు లేచి, చొక్కాకు అంటుకుని వెళ్లిపోతారు. పోతూ పోతూ నాలుగు వెంట్రుకలు పట్టుకుపోతారు. పన్ను పట్టకుండా పోయిన దొర ఎవడున్నాడు లెండి!

తమరి వంశావళి మాకు తెలుసు. చేతులతో వెన్నెముకలు సర్దే కెంజో కాసె అనే జపాను వైద్యుడు 1970లలో తమరిని పుట్టించాడు. నూలు గుడ్డ, అందులో సాగే పోగు, వెనక అలల గీతలుగా పూసిన జిగురు. ఒంటి వేడి తగలగానే జిగురు పట్టు బిగుస్తుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో జపాను ఆటగాళ్ల ఒంటి మీద తమరు లోకానికి దర్శనమిచ్చారు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ నాటికి 58 దేశాల జట్లకు 50 వేల చుట్టలు ఉచితంగా పంచారు. అమెరికా బీచ్ వాలీబాల్ క్రీడాకారిణి కెర్రీ వాల్ష్ భుజం మీద తమరి నల్ల పట్టీలు టీవీల్లో చూసి, బంగారు పతకం తెచ్చింది భుజమా, పట్టీయా అని జనం అబ్బురపడ్డారు. 2012 యూరో కప్పు సెమీఫైనల్లో ఇటలీ ఆటగాడు బలోటెల్లి జర్మనీ మీద గోలు కొట్టి, చొక్కా విప్పి, రాతి బొమ్మై నిలబడ్డప్పుడు నడుము మీద మూడు నీలి పట్టీలు మెరిశాయి. చొక్కా విప్పినందుకు అతనికి పసుపు కార్డు పడింది. తమరికి మాత్రం పైసా ఖర్చు లేని ప్రచారం దక్కింది.

ఉచితంగా పంచడంలో ఉన్న మహిమ మాకు తెలియనిదా! మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టి, సంగీత సభల్లో డబ్బాలు ఊరికే పంచారని చెప్పుకుంటారు. తర్వాత ఆ లాభాలతో ఆంధ్రపత్రిక నడిపారు. జనం తలనొప్పులు తగ్గించి వచ్చిన సొమ్ముతో ఆయన పత్రిక అనే తలనొప్పిని కొనుక్కున్నారు. నొప్పి వ్యాపారంలో అంతటి త్యాగం మళ్లీ చూడలేదు. తమరి నుంచి దినపత్రిక అడగం గాని, చుట్ట మీద ఆ ధర ఏంటి దొరా? ఐదు సెంటీమీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. మనదేశపు సరుకైతే మూడు నాలుగు వందలు, బయటి దేశపు పేరుంటే వెయ్యి దాటుతుంది.

ఈ లెక్క సిరిసిల్లలో పైకి చెప్పకండి. నేతన్న చౌక్‌లో తమరి చుట్టను ఒక్కసారి విప్పితే నలుగురు నేతగాళ్లు చుట్టూ చేరి తమరి పడుగేదో, పేకేదో, సాగే పోగు ఎటు వేశారో చిటికెలో చెప్పేస్తారు. మొత్తం కలిపితే పావు చదరపు మీటరు గుడ్డ. "గింత పేలికకు గన్ని పైసలా?" అని నోరెళ్లబెడతారు. బీవై నగర్, సుందరయ్య నగర్ సాంచాల (మరమగ్గాల) మీద దిగే పాలిస్టరు గుడ్డకు వ్యాపారి మీటరుకు ఇచ్చే ధర చెబితే తమరి జిగురు దానంతట అదే ఊడిపోతుంది. మీటర్ల కొద్దీ నేసినవాడి భుజం మీద తమరి జానెడు ముక్క అంటిస్తే, గుడ్డకు గుడ్డ బేరం కూడా కుదరదు మరి. ఆ ముక్కకు ఉన్న విలువ ఆ రోజు అతను నేసిన దానిలో ఎంత భాగానికి ఉందో లెక్క కట్టడానికి ఫిజియోథెరపిస్టు అక్కర్లేదు, పడుగు పట్టే వార్పిన్ దగ్గరి గుమాస్తా చాలు.

భుజం సంగతి వచ్చింది కాబట్టి ముందు దాన్నే ప్రవేశపెడతాం. సిరిసిల్ల భుజం రాత్రి షిఫ్టుదీ, పగటి షిఫ్టుదీ. పన్నెండు గంటలు. ఒక్కడికి ఎనిమిది సాంచాలు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. కూర్చునే పని కాదు. ఒక సాంచా దగ్గర పోగు తెగితే ముడి వేసి, ఇంకోదాంట్లో అయిపోయిన కండె తీసి నిండు కండె పెట్టి, మూడోది ఆగిపోతే దాని వైపు ఉరకాలి. మధ్యలో చెవులు దద్దరిల్లే మోత, ముక్కులో పీచు. కూలి మీటరు లెక్కన. చేయి ఆగితే మీటరు ఆగుతుంది, మీటరు ఆగితే కూలి ఆగుతుంది. ఇలాంటి భుజాన్ని పట్టుకుని "ఆరు వారాలు విశ్రాంతి ఇవ్వండి" అంటే, భుజం వినదు. విన్నా ఆసామి వినడు. ఆసామికీ వినే వీలు లేదు, అతనికి నూలు ఇచ్చే సేటు వినడు. ఇంట్లో కండెలు చుట్టే ఆమె చేయి దీనికి జంట. దానికి భుజం అని పేరు కూడా లేదు, "చేతి గుంజుడు" అంటారంతే.

మెడ ఎప్పుడూ నేల చూసే మనిషి కాబట్టి ముందుకు రావడానికి సిగ్గుపడుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఏ వాడలోకి పోయినా అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు. తునికాకును కత్తెరతో కొలతకు కోయాలి, తంబాకు పోసి చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. ఇదంతా మెడ వంచి చేసే పనే. వెయ్యి బీడీలు చుడితే రెండు వందల పైచిలుకు రూపాయలు. వెయ్యి చుట్టడానికి పగలంతా పడుతుంది, వంట, నీళ్లు, పిల్లలు ఆ లెక్కలోకి రారు. నెలంతా పని ఇవ్వరు. ఆకు బాగా లేకపోతే ఆ నష్టం చుట్టినామెదే. బీడీ కార్మికుల పని పరిస్థితుల చట్టం 1966లోనే వచ్చింది. దాని షరతుల్లో చాలావరకు కార్ఖానా గోడలకే. కంపెనీలు తెలివిగా గోడలు తీసేసి పనిని ఇంటి అరుగు మీదికి పంపాయి. అరుగుకు ఏ చట్టం అంటుతుంది దొరా? తమరి జిగురైనా అక్కడ నిలుస్తుందో లేదో.

పీఎఫ్ ఉన్న బీడీ కార్మికురాలికి సర్కారు పింఛను నెలకు 2,016 రూపాయలు. అందులో బయటి దేశపు చుట్ట ఒకటి కొనుక్కుని మెడకూ, భుజానికీ, మణికట్టుకూ అంటించుకుంటే మిగిలిన డబ్బుతో మిగిలిన నెల హాయిగా గడపొచ్చు. మెడ నొప్పికి తెలియకుండా ఆకలి వేస్తే దాన్ని వేరే లెక్కలో రాసుకోవాలి.

ఇక నడుము. ఇది పాస్‌పోర్టు ఉన్న నడుము. దుబాయి, మస్కట్, దోహా చూసి వచ్చింది. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో ఇంటికొకటి ఉంటుంది. ఇటుకలు, సిమెంటు బస్తాలు, ఇనుప చువ్వలు మోసి మోసి ఎల్ఫోర్, ఎల్ఫైవ్ అనే రెండు వెన్నుపూసల ఇంగ్లిషు పేర్లు నేర్చుకుని వచ్చింది. తమరి జాతిలో మాకు బాగా తెలిసినవాడు ఈ నడుము వెంటే వస్తాడు. అట్టపెట్టెకు చుట్టిన గోధుమ రంగు టేపు. పెట్టె నాలుగు మూలలా, నిలువునా, అడ్డంగా చుట్టి, దాని మీద మార్కరుతో పేరు, ఊరు, మండలం రాసి ఉంటుంది. విమానం మారినా, శంషాబాద్‌లో విసిరికొట్టినా, టాక్సీ కప్పు మీద తాళ్లతో కట్టినా ఆ పెట్టె ఊడదు. పెట్టె వెంట వచ్చిన మనిషే కీళ్ల దగ్గర ఊడి ఉంటాడు. పెట్టెలో పిల్లలకు చాక్లెట్లు, అత్తకు టైగర్ బామ్, మామకు ఆక్స్ ఆయిల్ సీసాలు. తన నొప్పి తను తెచ్చుకుని, ఊరందరి నొప్పులకు మందు తెచ్చే మనిషి అతనొక్కడే.

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించడం నిషేధం. ఎడారి దేశపు షేకులు ఆ రెండున్నర గంటలు ఒప్పుకున్నారు. 45 డిగ్రీలు దాటే మా జగిత్యాల ఎండలో పనిచేసే కైకిలి నడుముకు అలాంటి గడియారం ఎవరూ కట్టలేదు. ఆ ఎండలో తమరిని అంటించుకుంటే చెమటకు జారి అరగంటలో మడమ దగ్గరికి వస్తారు. అక్కడ కూడా నొప్పే కాబట్టి నష్టం లేదు.

మోకాళ్లకు మాటలు తక్కువ. 2006లో చికున్‌గున్యా వచ్చి అందరినీ ఒకేసారి ముసలివాళ్లను చేసి పోయినప్పటి నుంచి అవి కొండగట్టు అంజన్న గుడి మెట్లను కింది నుంచే చూసి దండం పెడుతున్నాయి.

ఇదీ తమరి ప్రజ. ఇప్పుడు తమరి శాస్త్రం వినిపించుకుంటాం. కోరుట్లలో దుకాణం పిల్లవాడు మాకు ఓపిగ్గా చెప్పాడు. టేపును కొద్దిగా సాగదీసి అంటిస్తే అది వెనక్కి ముడుచుకుంటూ చర్మాన్ని సన్నటి ముడతలుగా పైకి లేపుతుందట. చర్మానికీ కండకూ మధ్య ఖాళీ ఏర్పడి, మిషన్ కాకతీయలో చెరువు పూడిక తీసినట్టు, నిలిచిపోయిన నీరూ రక్తమూ పారిపోతాయట. నొప్పి వాటి వెంట కొట్టుకుపోతుందట. రంగుల శాస్త్రం ఇంకా లోతు. గులాబీ వేడి చేస్తుంది, నీలం చల్లబరుస్తుంది, నలుపు గట్టి నొప్పికి. గుడ్డ ఒకటే, జిగురు ఒకటే, రంగు అద్దకం దగ్గర మాత్రమే తేడా అని అద్దకం తెలిసిన సిరిసిల్లవాడు అడ్డుపడితే, "అన్నా, నమ్మి పెట్టుకోవాలె" అన్నాడు పిల్లవాడు. ఆ ఒక్క మాటలో అతను ఏ ప్రొఫెసరూ చెప్పనంత నిజం చెప్పాడు. రంగుల విషయంలో మాకు ఇంకో చిక్కు ఉంది. ఒకప్పుడు గులాబీకి ఉన్న గిరాకీ 2023 డిసెంబరు నుంచి ఈ ప్రాంతంలో కాస్త మందగించింది. మూడు రంగుల పట్టీ దొరుకుతుందా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నొప్పి మాత్రం ఏ పార్టీలోకీ మారలేదు.

ఆ ముడతల సంగతి బ్రెజిల్ పరిశోధకులు తేల్చారు. తగ్గని నడుం నొప్పి ఉన్న 148 మందిని తీసుకుని, సగం మందికి శాస్త్రప్రకారం సాగదీసి ముడతలు వచ్చేలా, సగం మందికి సాగదీయకుండా ఊరికే అంటించారు. నాలుగు వారాలు చూశారు. ఇద్దరికీ ఒకే తీరుగా తగ్గింది. ముడత ఉన్నవాడి నడుముకూ లేనివాడి నడుముకూ తేడా పట్టలేదు. 2014లో 12 పరిశోధనలు, 495 మంది రోగుల లెక్క తీసి కలిపి చూస్తే కూడా ఉత్తుత్తిగా అంటించిన పట్టీ కన్నా తమరు గొప్పేమీ చేయలేదని తేలింది. ఎక్కడైనా కాస్త మెరుగు కనబడితే అది రోగి గుర్తుపట్టలేనంత చిన్నది.

దొరా, ఈ పరిశోధన మా తాతలు ఎప్పుడో చేశారు. రాసి పెట్టడం రాలేదంతే. మా దగ్గర నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లను వెతుకుతారు. అంటే తల్లి కడుపులోంచి తల ముందుగా కాకుండా కాళ్లు ముందుగా వచ్చినవాళ్లు. వాళ్లు ఆ నడుము మీద మూడుసార్లు కాలితో తంతే పట్టు వదులుతుందని నమ్మకం. ఫీజు ఒక చాయ. నొప్పి తగ్గుతుంది. తగ్గకపోతే మూడు రోజులాగి మళ్లీ తన్నించుకుంటారు. అప్పటికి చాలామందికి తగ్గిపోయే ఉంటుంది, ఎందుకంటే పట్టేసిన నడుము ఎక్కువ శాతం దానంతట అదే వదులుతుంది. ఈ రహస్యం తన్నేవాడికి తెలుసు, తన్నించుకునేవాడికి తెలియదు. వైద్యశాస్త్రంలో సగం ఇదే.

ఊళ్లో చెప్పుకునే కథ ఒకటి. ఎదురుకాళ్లవాడు మస్కట్ వెళ్లిపోయాడు. నడుం పట్టిన పెద్దమనిషి కేకలు పెడుతుంటే ఇంట్లోవాళ్లు ఆ మస్కట్‌వాడి తమ్ముణ్ణి తీసుకొచ్చారు. తమ్ముడు తల ముందుగా పుట్టినవాడే. గోడకేసి తిప్పి, కళ్లు మూయించి తన్నించారు. పెద్దమనిషి లేచి నిలబడి, "వాళ్లన్న కాలుకు ఎంత మహిమ ఉన్నదిరా" అన్నాడట. ఏ కాలు తన్నిందో నడుముకు తెలియలేదు. బ్రెజిల్‌లో 148 మంది మీద తేల్చింది మా పెద్దమనిషి ఒక్క నడుము మీద తేల్చి చూపించాడు. తమరు ఆ తమ్ముడు దొరా. కాకపోతే అతను చాయతో సరిపెట్టుకున్నాడు.

అట్లాగని తమరిని మరీ తిట్టం. తమ్ముడు తన్నినా ఆ పూట నొప్పి తగ్గిన మాట అబద్ధం కాదు. తమరిని అంటించేవాడు ముందు "ఎక్కడ నొస్తుంది?" అని అడుగుతాడు. చేత్తో తడుముతాడు, భుజం తిప్పి చూస్తాడు, పది నిమిషాలు మన కోసం కేటాయిస్తాడు. బీడీ చుట్టే మెడను ఎవరైనా చేత్తో తడిమి ఎన్నేళ్లయి ఉంటుందో! ఆ పది నిమిషాలే మందేమో, తమరు వాటికి రసీదు మాత్రమేమో. పైగా మా దగ్గర తమరికి పోటీగా ఉన్నవాళ్లను చూస్తే తమరు పరమ సాధువులు. నొప్పి అనగానే సూది పొడిచే గుడ్డి వైద్యం ఊరూరా ఉంది. ఒక సూదిలో స్టెరాయిడ్, చేతికో గుప్పెడు నొప్పి గోలీలు. ఆ రోజుకు మనిషి లేడిపిల్ల అవుతాడు. ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు ఎసరు. తమరు కిడ్నీ జోలికి పోరు. చర్మం ఎర్రబడటం, దురద, బొబ్బలు, పర్సు తేలికపడటం, అంతే. హైదరాబాద్ జిందా తిలిస్మాత్ 1920 నుంచి చేస్తున్న పని ఏదో తమరూ చేస్తున్నారు. అది కనీసం ముక్కుకు ఘాటుగా తగిలి ఏదో జరిగిందనిపిస్తుంది. అటక మీది ఆముదం, వావిలాకు కాపడం, బెణికిన కాలికి పసుపు సున్నం పట్టు అయితే ఎవరి ప్రకటనల ఖర్చూ మన మీద పడదు.

ప్రకటనలంటే గుర్తొచ్చింది. అమెరికాలో తమరి వంశంలోని కేటీ టేప్ కంపెనీ (కేటీ అనగానే సిరిసిల్లవాళ్లు ఇంకెవరినో తలుచుకోవద్దు) మీద వినియోగదారులు కోర్టుకెక్కారు. నొప్పి తగ్గిస్తుంది, దెబ్బలు తగలకుండా కాపాడుతుంది అని రాసినదానికి రుజువేది అని అడిగారు. కంపెనీ తప్పు ఒప్పుకోకుండా 17 లక్షల 50 వేల డాలర్లకు రాజీ చేసుకుని, డబ్బా మీది మాటలు మార్చుకుంది. అన్ని గాయాలకూ పనిచేస్తుందని వైద్యపరంగా రుజువు కాలేదని చెప్పుకోవాల్సి వచ్చింది. అక్కడ డబ్బా మీద మారిన మాటలు మా టవర్ సర్కిల్‌కు రావడానికి వీసా దొరకలేదేమో, ఇక్కడి పిల్లవాడి నోట పాత మాటలే ఉన్నాయి.

మంచి ఫిజియోథెరపిస్టులు ఈ మూడూళ్లలోనూ ఉన్నారు. వాళ్లు తమరి గురించి దుకాణం పిల్లవాడంత గొప్పగా మాట్లాడరు. ముందు వ్యాయామం, కండ బలం, కూర్చునే తీరు మార్పు; టేపు కావాలంటే దానికి తోడుగా కొన్నాళ్లు, కదలడానికి భయపడేవాడికి ధైర్యం కోసం అంటారు. తెగిన చర్మం మీద, పుండు మీద, షుగరుతో స్పర్శ పోయిన పాదం మీద అంటించవద్దనీ, కాలి పిక్క వాచి వేడిగా ఉంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, టేపు కాదు ఆసుపత్రి కావాలనీ, పీకేటప్పుడు నూనె రాసి మెల్లగా చర్మాన్ని ఒత్తుతూ తీయాలనీ చెబుతారు. వాళ్ల మాట వినే ఓపిక మాకుంది. పాటించే తీరిక లేదు. "గంటకోసారి లేచి మెడ తిప్పండి" అంటే, గంటకోసారి లేస్తే వెయ్యి బీడీల్లో ఎన్ని తగ్గుతాయో బీడీ టేకేదారు లెక్క చెబుతాడు.

అసలు దొరా, సాగే గుణంలో తమరే మొనగాళ్లని విర్రవీగకండి. ఈ ప్రాంతంలో తమరి కన్నా సాగే సరుకులు ఉన్నాయి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. తెరుస్తాం అనే మాట అప్పటి నుంచి ప్రతి ఎన్నికకూ సాగుతూనే ఉంది, తెగలేదు, అంచు కూడా లేవలేదు. జగిత్యాల, కోరుట్ల కలిసి ఉన్న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 2019లో కడుపు మండిన పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఓటింగ్ యంత్రాలను గోడలా పేర్చాల్సి వచ్చింది. అప్పుడు ఒక అభ్యర్థి తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమైంది. ఇంత సాగినా ముడుచుకోని జిగురు ఏ దేశంలో తయారవుతుందో కనుక్కుంటే తమరి వ్యాపారానికి పనికొస్తుంది.

సిరిసిల్లకు అంటించిన పట్టీ మరీ చూడముచ్చటైనది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది. ఏడాదికి కోటి దాకా చీరలు. ఆగిన సాంచాలు కదిలాయి, భీమండి పోయినవాళ్లు కొందరు తిరిగొచ్చారు. నొప్పి తగ్గింది, నిజంగానే తగ్గింది. సర్కారు మారింది, 2024లో ఆ పట్టీ పీకేశారు. సాంచాలు ఆగాయి, ఉరితాళ్ల వార్తలు మళ్లీ పత్రికల్లోకి వచ్చాయి. తర్వాత ఇందిరమ్మ చీరలని ఇంకో రంగు పట్టీ అంటించారు. బకాయిలు రాలేదని ఒకప్పుడు, ఆర్డరు రాలేదని ఇంకొకప్పుడు ధర్నా. ఒక పట్టీ పీకేసి ఇంకోటి అంటించే మధ్యలో చర్మం ఎలా ఉందో చూసినవాడు లేడు. ఇన్నేళ్లుగా ఏటా ఒక్క ఆర్డరు మీదే బతికే ఊరికి ఇంకో రకం గుడ్డ నేయడం ఎవరు నేర్పారని అడిగితే, రంగుల గురించి మాట్లాడతారు.

కాబట్టి మా విన్నపం ఇదీ. తమరు ఉన్న పొడవు మీద ఇంకో 40 శాతం పైన సాగుతారని డబ్బా మీద ఉంది. ఆ విద్య కండ మీద కాదు, కూలి రేటు మీద చూపించండి. వెయ్యి బీడీల రేటు పట్టుకుని మెల్లగా, శాస్త్రప్రకారం సాగదీసి అంటించండి. 40 శాతం సాగితే చాలు, మెడ నొప్పి గురించి తమరికి ఇంకో మాట రాయం. మీటరు కూలికి ఒక పట్టీ, ఆసామికి రావాల్సిన బకాయికి ఒక పట్టీ. గల్ఫ్ ఏజెంటు నాలుకకు మాత్రం సాగే టేపు వద్దు, పెట్టెలకు చుట్టే గోధుమ రంగుదే కావాలి, అడ్డంగా, నిలువునా. సర్కారుకు ఇష్టమైతే టేపుబంధు అని పథకం పెట్టి ఇంటింటికీ ఒక చుట్ట పంచొచ్చు. అప్పుడు కనీసం ఆ గుడ్డనైనా సిరిసిల్ల సాంచాల మీద నేయించండి. పడుగు, పేక తెలిసినవాళ్లు ఉన్నారు, సాగే పోగు ఒక్కటి తెప్పిస్తే చాలు. తమరిని నేసే భుజాలకే తమరిని అంటిస్తే రవాణా ఖర్చు కూడా ఉండదు.

తమరి మహిమను మేము పరీక్షించకుండా మాట్లాడుతున్నామని అలగవద్దు. కోరుట్లలో బీడీలు చుట్టే ఒక అవ్వ దగ్గరికి మనవరాలు ఒక ముక్క తెచ్చింది, కాలేజీలో ఆటల సారు ఇచ్చాడట. మెడ మీద ఎక్కడ అంటించాలో ఫోన్‌లో వీడియో పెట్టి చూపించింది. అవ్వ ఆ ముక్కను అటూ ఇటూ సాగదీసి చూసి, జిగురు వైపు వేలితో తట్టి చూసి, "మెడకెందుకు బిడ్డా" అని, ఆకు కోసీ కోసీ బొటనవేలు కాయగాసిన చోట కత్తెర పిడికి గట్టిగా చుట్టుకుంది. రెండు ఆకులు కోసి చూసింది.

"జారుత లేదు, మంచిగున్నది. చుట్ట మొత్తం ఎంతనే?"

మనవరాలు ధర చెప్పింది.

"గన్ని పైసలకు కత్తెరలే కొత్తయి రెండొస్తయి పో," అని అవ్వ మళ్లీ మెడ వంచింది.